కింద గుమ్మం పెట్టిన ఊయల

అనగనగా అనుకోండి, ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక వాగు. వాగు మీదకి వంగి ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు నిండా గిజిగాళ్ళ గూళ్ళు. గాలి వీస్తే అన్నీ ఒక్కసారే ఊగేవి, పందిరికి కాసిన సొరకాయల్లాగా.

ఆ చెట్టు మీద బంగారయ్య అని ఒక కుర్ర గిజిగాడు ఉండేవాడు. నెత్తి మీద పసుపు రంగు, ముక్కులో ఎప్పుడూ ఒక గడ్డిపోచ. అల్లికలో వాడిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ మాట ఎవరన్నారని అడక్కండి. వాడే అన్నాడు.

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది, అది ముందు చెప్పాలి. మగపిట్ట గూడు మొత్తం కట్టెయ్యకూడదు. సగం అల్లి ఆగాలి. అప్పుడు ఆడపిట్ట వస్తుంది. పెళ్ళిచూపులే అనుకోండి, కాకపోతే ఇక్కడ చూసేది పిల్లాణ్ణి కాదు, గూటిని. లోపల దూరుతుంది, పోచలు పట్టి లాగుతుంది, కాలితో తన్ని చూస్తుంది. నచ్చితే "సరే, మిగతాది అల్లు" అంటుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది. అప్పుడు మగపిట్ట ఇంకో గూడు మొదలుపెట్టాలి. అలగకూడదు.

మన బంగారయ్యకి అల్లడం వచ్చు. అలగకుండా ఉండటమే రాదు.

ఒకరోజు వరాలు అనే ఆడపిట్ట వాడి సగం గూడు చూడటానికి వచ్చింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది.

"ఏమయ్యా, లోపల మట్టి పెట్టలేదేం?" అని అడిగింది.

"మట్టెందుకు? నా అల్లిక చూడు, ఎంత నాజూగ్గా ఉందో!" అన్నాడు బంగారయ్య.

"నాజూకుని ఏం చేసుకుంటాం? గాలొస్తే పిల్లలకి కళ్ళు తిరుగుతాయి. తడిమట్టి ముద్దలు పెడితే ఆ బరువుకి నిలబడుతుంది" అంది వరాలు. అని ఒక పోచ పట్టి లాగింది. ఆ పోచతోపాటు దాని చుట్టపక్కాలు కూడా ఊడొచ్చాయి. "ఇదిగో, ఇదీ చూసుకో" అని వాటిని వాడి ముందే పడేసి ఎగిరిపోయింది.

బంగారయ్య మొహం ఉడికించిన చిలగడదుంపలా అయిపోయింది.

"దానికేం తెలుసు అల్లిక సంగతి? లాగితే ఏదైనా ఊడుతుంది!" అని కొమ్మ మీద మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

అప్పుడు వచ్చాడు గోరింక కామేశం. వాడు బంగారయ్యకి స్నేహితుడు. పట్నంలో బస్టాండు కప్పు మీద కొన్నాళ్ళు కాపురం ఉండి వచ్చాడు. అందుకని వాడికి తెలియని వ్యాపారం లేదు. ఒక్కటీ చెయ్యలేదనుకోండి, అది వేరే సంగతి.

"ఒరేయ్ బంగారం, ఒక్క పిట్టని మెప్పించడానికి ఇంత ఏడుపెందుకురా? అడవినే మెప్పించు!" అన్నాడు కామేశం. "ఊయలలు అల్లు. అడవిలో తల్లులంతా పిల్లల్ని నోట కరుచుకుని తిరగలేక చస్తున్నారు. చెట్టుకి కట్టుకునే ఊయల ఇచ్చామనుకో, ఎగబడతారు."

"ఊయలంటే ఎలా ఉండాలి?"

"ఎలా ఉండటమేంట్రా? నీ గూడే. పేరు మార్చాం, అంతే!"

వినండర్రా, అసలు తిరకాసు ఇక్కడే ఉంది. గిజిగాడి గూటికి గుమ్మం కింద ఉంటుంది. పొడుగాటి గొట్టంలా కిందకి వేలాడుతుంది. పిట్ట కిందనుంచి పైకి ఎగిరి అందులో దూరుతుంది. పాములు రాకుండా వాళ్ళ ముత్తాతలు కనిపెట్టిన ఉపాయం అది. లోపల చిన్న గట్టు ఉంటుంది. రెక్కలొచ్చేదాకా పిల్లలు ఆ గట్టు వెనకాల కదలకుండా నోరు తెరుచుకుని పడుంటాయి. కాబట్టి పడిపోవు. బంగారయ్య పుట్టినప్పటినుంచీ చూసిన గుమ్మాలన్నీ కిందే ఉన్నాయి. గుమ్మం ఇంకెక్కడైనా ఉండొచ్చని వాడి బుర్రకి తట్టనే లేదు. పాకే పిల్లలు, దొర్లే పిల్లలు, గెంతే పిల్లలు కూడా లోకంలో ఉంటారని అసలే తట్టలేదు.

"అయితే ఒక్కమాట" అన్నాడు కామేశం. "ముందు ముగ్గురికి శాంపిల్ ఇవ్వాలి. వాళ్ళు వాడి చూసి బాగుందంటేనే పెద్ద ఎత్తున మొదలెట్టాలి. పట్నంలో పద్ధతి అది."

సలహా బంగారంలాంటిది. కామేశం జీవితంలో ఇచ్చిన మంచి సలహా బహుశా అదొక్కటే.

"ఎవరికిద్దాం?" అని అడిగాడు బంగారయ్య. "వాగు గట్టు మీద పందికొక్కు నూకాలుంది. పిల్లలున్నాయి. కానీ అమ్మో, ఆవిడ నోరు! వద్దు. మంచి మాటతీరు ఉన్నవాళ్ళకి ఇద్దాం."

అలా వెతికి వెతికి ముగ్గురిని పట్టారు. ఒకరు కుందేలు సింహాచలం. పేరులోనే సింహం, తక్కినదంతా కుందేలే. చెట్టు ఆకు రాలినా "క్షమించండి" అనే రకం. రెండోవాడు కోతి అప్పలకొండ. మూడో ఆవిడ ఉడుత తులసమ్మ. ముగ్గురికీ తలో ఊయల ఇచ్చారు.

నాలుగు రోజులాగి బంగారయ్య చూడటానికి బయల్దేరాడు. ఉత్తి చేతులతో వెళ్తే ఏం బాగుంటుందని, కుందేలు దగ్గరకి కామేశం చేత లేత గడ్డి మోపు ఒకటి మోయించుకుని వెళ్ళాడు.

"తిను పిన్నీ, ముందు తిను" అన్నాడు. సింహాచలం తిన్నది. గడ్డి ఇంకా నోట్లో ఉండగానే అడిగాడు, "మరి మన ఊయల బాగుందా? చాలా బాగుందా?"

సింహాచలం ఒకసారి పిల్లల వైపు చూసింది. పిల్లలు ఊయల కింద నేల మీద గంతులేస్తున్నాయి. ఒకదానికి ముక్కు మీద దోక్కుపోయి ఉంది.

"మెత్తగా ఉంది నాయనా, ఎంత మెత్తగా ఉందో!" అంది.

"విన్నావా కామేశం? మెత్తగా ఉందట!"

తర్వాత ఈతపండ్ల గెల పట్టుకుని కోతి దగ్గరకి వెళ్ళారు. అప్పలకొండ ఊయల పైభాగం చింపేసి, దాన్ని తిరగేసి, నెత్తి మీద టోపీలా పెట్టుకుని ఎండలో కూర్చున్నాడు. కొస ముడేసిన పొడుగాటి గొట్టం వీపు మీద జడలా వేలాడుతోంది.

"ఎలా ఉంది బావా?" అన్నాడు బంగారయ్య, పండ్లు అందిస్తూ.

"బ్రహ్మాండం బావా! అమ్మ ఒళ్ళో కూడా ఇంత చల్లగా లేదు" అన్నాడు అప్పలకొండ, నోరు ఖాళీ లేకుండా.

"విన్నావా? అమ్మ ఒడికన్నా మిన్నట!"

కామేశం కొంచెం నసిగాడు. "ఒరేయ్, వాడు దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు కదరా?"

"అంత అభిమానంరా! నెత్తిన పెట్టుకోవడమంటే మాటలా?"

ఆఖరికి సజ్జకంకి పట్టుకుని ఉడుత దగ్గరకి వెళ్ళారు. తులసమ్మ ఊయలని వాగు మీది కొమ్మకి తలకిందులుగా కట్టింది. గొట్టం పైకి, పొట్ట కిందకి. లోపల నిండా వేరుశనగకాయలు దాచుకుంది.

బంగారయ్యకి ఒళ్ళు మండిపోయింది. "అయ్యో అయ్యో, తలకిందులుగా కట్టావేంటి చెల్లెమ్మా! ఊయలకి ఒక పద్ధతుండదూ?" అని తానే ముడి విప్పి, పద్ధతిగా, గొట్టం కిందకి వచ్చేలా మళ్ళీ కట్టాడు. కాయలన్నీ జలజలా వాగులోకి పోయాయి.

తులసమ్మ కొట్టుకుపోతున్న కాయల వైపు చూసింది. చేతిలో ఉన్న సజ్జకంకి వైపు చూసింది. నోట్లో సగం కంకి ఉన్నదాయె.

"పోనీలే అన్నయ్యా. అల్లిక మాత్రం చాలా గట్టిగా ఉంది" అంది.

"ముగ్గురికి ముగ్గురూ మెచ్చుకున్నారు!" అని బంగారయ్య గాల్లో మొగ్గలేశాడు. ఆ రోజునుంచి తిండీ నిద్రా మానేసి ఊయలలు అల్లాడు. తుమ్మచెట్టు కింది కొమ్మలన్నిటికీ వేలాడదీశాడు. తొలకరి పడ్డ రోజున అడవి మొత్తానికి పంచాలని కామేశం ఊరూరా, అదే చెట్టుచెట్టుకీ, చెప్పి వచ్చాడు. బంగారయ్య గూడు మాత్రం సగంలోనే ఉండిపోయింది. ఎవరు చూస్తారు ఇప్పుడు సొంత గూడు!

ఒకరోజు సాయంత్రం చెట్టు మొదట్లో చప్పుడైంది. చూస్తే పందికొక్కు నూకాలు. ఒళ్ళంతా మట్టి, మొహం నిండా విసుగు. ఆవిడ కలుగు వాగు గట్టులోనే ఉంది. ఏటా మొదటి వానకే నీళ్ళు కలుగులోకి వచ్చేస్తాయి. పోయినేడు ఆ నీళ్ళు ఒక పిల్లని తీసుకుపోయాయి. ఇప్పుడు మళ్ళీ ఇద్దరు పిల్లలు. కళ్ళు తెరిచి పాకే వయసు. గట్టుకి దూరంగా మంచి చోట్లున్నాయి గానీ, పందికొక్కుని ఎవరు దగ్గరకి రానిస్తారు?

"ఏమోయ్ పచ్చ నెత్తీ, నీ ఊయలేదో ఒకటి చూపించు. నీళ్ళు అందని ఎత్తులో పిల్లల్ని పెట్టుకోవాలి నాకు" అంది.

బంగారయ్య ఆవిడకి ఏమీ పెట్టలేదు. పందికొక్కుకి ఎవరైనా పెడతారా? దూరంనుంచే ఒక ఊయల వైపు తల ఊపాడు. నూకాలు వంగిన మొద్దు మీదనుంచి పాకి వచ్చింది. పళ్ళతో పట్టి లాగింది. తల లోపల పెట్టింది, తీసింది. గొట్టంలోంచి కిందనున్న వాగుని చూసింది.

"ఇదేంటోయ్, కిందనే కన్నం ఉంది! నా పిల్ల రెండడుగులు పాకిందంటే నేరుగా వాగులోకే. నీకు రెక్కలున్నాయి. నా పిల్లకి ఉన్నాయా?"

బంగారయ్యకి ఆ గొంతులో వరాలు గొంతు వినిపించింది. మొహం మళ్ళీ చిలగడదుంప అయింది.

"నూకాలత్తా, ముగ్గురు పెద్దమనుషులు వాడి చూసి మెచ్చుకున్నారు. నువ్వొక్కదానివి వచ్చి వంక పెడితే అయిపోయిందా?"

"ఆ ముగ్గురిలో ఎవరి పిల్లలు ఇందులో పడుకున్నారోయ్?"

ఆ మాటకి జవాబు చెప్పాలంటే ముందు దాని గురించి ఆలోచించాలి. బంగారయ్యకి తీరిక లేదు. "ఇష్టమైతే తీసుకో, లేకపోతే వెళ్ళు" అన్నాడు. నూకాలు వెళ్ళిపోయింది.  

తొలకరి వచ్చింది. మామూలుగా రాలేదు. ఉరుములు, మెరుపులు, కుండలతో కుమ్మరించినట్టు వాన. మధ్యాహ్నానికే వాగు ఎర్రగా పొంగింది. ఊయలలు తీసుకుందామని వచ్చిన జంతువులన్నీ చెట్ల కింద ముడుచుకుని నిలబడ్డాయి. అప్పలకొండ వాగు ఒడ్డున బండ మీద కూర్చున్నాడు, టోపీ పెట్టుకుని.

అంతలో నూకాలు కలుగులోంచి బయటికి వచ్చింది. వెనకాలే నీళ్ళు వచ్చాయి. నోట్లో ఒక పిల్ల. దాన్ని వంగిన మొద్దు మీదనుంచి మోసుకొచ్చి దగ్గర్లో ఉన్న ఊయలలో పెట్టింది. మళ్ళీ పరుగెత్తి రెండో పిల్లనీ తెచ్చి అందులోనే పెట్టింది. నచ్చి కాదు, పాపం. వేరే దారి లేక.

పై కొమ్మ మీద బంగారయ్య రెక్కలు టపటపలాడించాడు. "చూశావా కామేశం! వంక పెట్టినవాళ్ళే ముందు వచ్చారు! బోణీ అయింది!"

వాడి మాట పూర్తి కాలేదు. ఊయలలో మొదటి పిల్ల అమ్మ కోసం వెతుక్కుంటూ పాకింది. గట్టు దాటింది. గొట్టంలోకి జారింది. చిన్న బూడిదరంగు ముద్ద ఒకటి కిందనుంచి రాలి వాగులో పడింది.

"నా పిల్లా!" అని నూకాలు కేక పెట్టింది. దూకబోయింది. కానీ రెండో పిల్ల కూడా గొట్టం అంచుకి వచ్చేసింది. వదిలేస్తే ఇదీ పోతుంది. నూకాలు గొట్టం అంచుని పళ్ళతో పట్టి, దాని మూతిలో తన మొహం దూర్చి పిల్లని ఆపింది. అలాగే వేలాడుతూ ఏడ్చింది.

బంగారయ్య కిందకి దూకాడు. నీళ్ళ మీద ఎగురుతూ ముక్కుతో పిల్లని పట్టుకోబోయాడు. పందికొక్కు పిల్లని గిజిగాడు ఎత్తగలడా? జారిపోయింది. మళ్ళీ పట్టాడు. మళ్ళీ జారిపోయింది.

"అప్పలకొండ బావా! టోపీ! టోపీ!" అని అరిచాడు.

అప్పలకొండ ఒక్క ఉదుటున టోపీ తీశాడు. ఒక చేత్తో బండ పట్టుకుని, చింపిన వెడల్పు మూతి పైకి పెట్టి, నీళ్ళలో ముంచి తీశాడు. నీళ్ళన్నీ అల్లికలోంచి కారిపోయాయి. పిల్ల మాత్రం లోపల మిగిలింది. తుమ్మింది.

మూతి పైకి ఉంటే పిల్ల నిలిచింది! బంగారయ్య అది కళ్ళారా చూశాడు. కానీ ఆలోచించే సమయం లేదు. పైన నూకాలు పళ్ళ పట్టు జారిపోతోంది. వాడు రివ్వున పైకి వెళ్ళి, గడ్డిపోచ తీసుకుని, గొట్టాన్ని అడ్డంగా కుట్టడం మొదలుపెట్టాడు. వాడు జన్మలో అంత వేగంగా అల్లలేదు. నూకాలు ఒక పక్క మొహం తీస్తుంటే, ఒక పక్క కుట్టేశాడు. ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న గుమ్మాన్ని తన ముక్కుతో తానే మూసేశాడు. రెండో పిల్ల లోపలే ఆగిపోయింది.

వాన వెలిశాక కుట్టు విప్పి రెండో పిల్లని దించారు. నూకాలు పిల్లలిద్దర్నీ పొట్టకి అదుముకుని కూర్చుంది. తిడుతుందేమో అని బంగారయ్య తల వంచుకుని ఎదురు చూశాడు. ఆవిడ వాడి వైపు చూడకుండా పిల్లల ఒళ్ళు నాకుతూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది వాడికి.

ఉడుత తులసమ్మ మెల్లగా వచ్చి, "నా చెట్టుతొర్రలో కింద చోటుంది వదినా, పిల్లల్ని తీసుకుని రా" అంది. పందికొక్కుని "వదినా" అని పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు.

మర్నాడు బంగారయ్య ముగ్గురినీ పిలిచాడు. నూకాలునీ పిలిచాడు. గడ్డి లేదు, పండ్లు లేవు, సజ్జకంకి లేదు.

"ఈసారి ఏమీ పెట్టను. బాగుందా అని కూడా అడగను. ఏం బాగోలేదో చెప్పండి" అన్నాడు.

 ముందు సింహాచలం గొంతు సవరించుకుంది.

"ఏమనుకోకు నాయనా. మా పిల్లలు మొదటిరోజే కిందపడ్డారు. ఒకడి ముక్కు పగిలింది."

"మరి అప్పుడు మెత్తగా ఉందన్నావు కదా పిన్నీ!"

"నువ్వు పెట్టిన గడ్డి మెత్తగా ఉంది. ఉన్నమాటే చెప్పాను."

"నాకసలు పిల్లలే లేరు బావా" అన్నాడు అప్పలకొండ. "నువ్వు అడిగితే చెప్పేవాణ్ణి."

"నేను చెబుదామనే అనుకున్నాను అన్నయ్యా. నోట్లో కంకి ఉంది" అంది తులసమ్మ. "ఇంత తిని వంకేం పెడతాం అనిపించింది. కాయలు పోయాయని రాత్రి ఏడ్చాననుకో."

బంగారయ్యకి ముక్కు దాకా వచ్చింది ఒక జవాబు. మింగేశాడు. అది కిందకి దిగడానికి కొంచెం సేపు పట్టింది.

"నూకాలత్తా, నువ్వు చెప్పు."

"చెప్పేదేముంది? సగం అల్లి చూపించు. చూసి చెబుతా" అంది నూకాలు.

బంగారయ్య ఉలిక్కిపడ్డాడు. సగం అల్లి చూపించడం! అది వాళ్ళ ఆచారమే కదా! ముత్తాతలనాటి పద్ధతి, ప్రతి గిజిగాడికీ గుడ్డులో ఉండగానే తెలిసిన పద్ధతి, పట్నంలో ఉందని కామేశం చెబితే కొత్తగా విన్నట్టు విన్నాడు. విని కూడా సగమే చేశాడు, చూపించాడు గానీ వంక వినలేదు.

ఆ రోజే మూతి పైకి పెట్టి సగం ఊయల అల్లాడు. ఈసారి పిల్లల్ని పెట్టలేదు, ఈతకాయలు వేసి ఊపి చూశారు. ఒక్కటీ పడలేదు. బంగారయ్య మొగ్గ వెయ్యబోయాడు.

"ఆగవోయ్" అంది నూకాలు. "వాన పడితే నేరుగా లోపలికేగా? నా పిల్లలకి స్నానాలు అక్కర్లేదు. తీసెయ్."

తీసేశాడు. రెండోసారి మూతి మీద కప్పు వేశాడు. నూకాలు లోపల దూరి అటూ ఇటూ దొర్లింది. "ఉక్కపోస్తోంది. పైగా గాలికి గిరగిరా తిరుగుతోంది. తీసెయ్."

తీసేశాడు. కామేశం చెవిలో అన్నాడు, "ఒరేయ్, ఈ ముసలిది నిన్ను చంపేస్తుందిరా."

"ఉండరా, ఇంకా ఏమంటుందో విననీ" అన్నాడు బంగారయ్య. అన్నాక తనే ఆశ్చర్యపోయాడు.

మూడోసారి మూతి పక్కకి పెట్టాడు. పైన చూరు దింపాడు. పిల్ల దాటలేని ఎత్తు గట్టు కట్టాడు. అడుగున తడిమట్టి ముద్దలు మెత్తాడు. నూకాలు లాగింది, తన్నింది, కొరికింది. ఊయల కదలకుండా నిలబడింది. ఆవిడ వెళ్ళి పిల్లల్ని తెచ్చి పడుకోబెట్టింది. అంతే. మెచ్చుకోలేదు. పిల్లలు మాత్రం నిద్రపోయాయి.

సింహాచలం వచ్చి చూసి, "మెత్తగా ఉంది నాయనా, ఎంత మెత్తగా ఉందో!" అంది.

"పిన్నీ, ముందు పిల్లల్ని పడుకోబెట్టి చూసి, అప్పుడు చెప్పు" అన్నాడు బంగారయ్య.

ఊయలల పని అలా కుదురుకున్నాక వాడికి తన సగం గూడు గుర్తొచ్చింది. లోపల మట్టి పెట్టి మళ్ళీ సగందాకా అల్లి ఆగాడు. ఒక పొద్దున వరాలు వచ్చి వాలింది. పందికొక్కు చేత ఇన్నిసార్లు చీవాట్లు తిన్న గిజిగాడు ఇప్పుడెలా అల్లుతున్నాడో చూద్దామని వచ్చానంది. ఒక పోచ పట్టి లాగింది. రాలేదు. కాళ్ళు తన్నిపెట్టి లాగింది. అయినా రాలేదు.

"గొట్టం వేసే చోటు ఇరుగ్గా ఉంది" అంది.

బంగారయ్య నోరు తెరిచాడు. ఇంతకన్నా వెడల్పు ఏ గూటికీ లేదని చెప్పబోయాడు. నోరు మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"ఎంత ఇరుగ్గా ఉంది? దూరి చూపించు" అన్నాడు.

వరాలు వాడి వైపు ఎగాదిగా చూసింది. తర్వాత దూరి చూపించింది. ఆ పూట ఎగిరిపోలేదు. పక్క కొమ్మ మీద కూర్చుని, వాడు విప్పి అల్లుతుంటే, మధ్యమధ్య "అక్కడ కాదు, ఇక్కడ" అంటూ సాయంత్రందాకా ఉండిపోయింది.

కామేశం మాత్రం ఇప్పటికీ చెట్టుచెట్టుకీ తిరిగి చెబుతూనే ఉంటాడు, పక్కకి గుమ్మం పెట్టమన్నది తానేనని.

నీతి: కడుపు నింపి అడిగితే మెప్పే వస్తుంది. మన పని బాగుపడాలంటే, దాని అవసరం నిజంగా ఉన్నవాళ్ళ చేతికిచ్చి, వాళ్ళు పెట్టే వంకని అలగకుండా చివరిదాకా వినాలి.